అరువు యౌవనము

రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టు భారతమును తెనిగింప మొదలిడి దాదాపు వేయి సంవత్సరములు కావచ్చినది. ఆయన రచించిన ఆదిపర్వమున యయాతి కథ కలదు. శుక్రాచార్యుని శాపముచేత అకాలమున ముదిమి పాలైన ఆ రాజు, తన ముసలితనమును పుచ్చుకొని యౌవనమును ఇమ్మని కన్నకొడుకులను వేడుకొనును. యదువు మొదలగు నలువురు కాదందురు. పూరుడు మాత్రము తండ్రి మాటను తలదాల్చును. వేయేండ్లు భోగములనుభవించిన పిమ్మట, అనుభవముచేత కోరిక చల్లారదని గ్రహించి రాజు కొడుకు యౌవనమును కొడుకునకే తిరిగి యిచ్చివేయును. పోయిన సత్తువను వెలుపలినుండి తెచ్చుకొనవచ్చునా? తెచ్చుకొన్నచో దానికి వెల యెంత? ఆ వెల నెవరు చెల్లింపవలెను? గోదావరి యొడ్డున తెలుగు కావ్యము కన్నుదెరచిన నాడే యీ ప్రశ్నలును పుట్టినవి.

నేడు ఆ ప్రశ్న పురాణ కాలక్షేపమునకు మాత్రమే చెందినది కాదు. నడివయసు పురుషునకు టెస్టోస్టెరోను అను హార్మోను తగ్గినపుడు దానిని సూదిమందుగనో, చర్మమునకు పూయు లేపనముగనో, గుళికగనో వెలుపలినుండి ఇచ్చు చికిత్స యున్నది. అది మంత్రము కాదు, మాయ కాదు. తగినవానికి తగినరీతిగ నిచ్చినచో మేలుచేయు మందు. ఐనను దాని వాకిట సిగ్గు ఒక ప్రక్క, ఆశ ఒక ప్రక్క కావలి కాయుచున్నవి. సిగ్గుచేత అవసరమైనవాడు దానిని చేరడు; ఆశచేత అవసరము లేనివాడు దానిపై పడును. ఈ రెండు తప్పులకును విరుగుడు ఒక్కటియే: మొదట కొలుచుట, పిదప కారణము వెదకుట, ఆ తరువాతనే మందు మాట తలపెట్టుట.

కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని ఊహించుకొనవచ్చును. వయసు నలువదియెనిమిది. ఒకప్పుడు సాయంకాలము పిల్లలతో సమానముగ బంతియాట ఆడినవాడు, ఇప్పుడు మూడవ గంట కొట్టుసరికి కుర్చీలో కూలబడుచున్నాడు. చిన్న తప్పునకు పెద్ద కోపము. రాత్రి నిద్ర చాలదు, పగలు కునుకు ఆగదు. ఇంటిలో మాటలు తగ్గినవి. "ఏమండీ, ఒంట్లో నలతగా ఉందా?" అని భార్య అడిగినచో, "ఏమీ లేదులే" అని పత్రిక అడ్డము పెట్టుకొనును. దాంపత్యమున ఆసక్తి తగ్గినదన్న సంగతి ఆయన ఎవ్వరికిని చెప్పడు. తనలో తానే కుములును. చివరకొక మిత్రుడు చెవిలో ఒక సూదిమందు పేరు చెప్పును. ఆయన తన్నెవ్వరు నెరుగని పట్టణమునకు పోయి, రక్తపరీక్షయైనను లేకుండ దానిని పొడిపించుకొని వచ్చును. ఇట్టివారు డెల్టా గ్రామములలో ఒక్కరిద్దరు మాత్రమే యనుకొనుట పొరపాటు.

ఈ ఆశకు చరిత్ర కలదు. 1889లో పారిస్ నగరమున బ్రౌన్ సెకార్ అను ప్రఖ్యాత శరీరశాస్త్రజ్ఞుడు, తన డెబ్బదిరెండవ యేట, కుక్కల యొక్కయు గినీ పందుల యొక్కయు వృషణములనుండి తీసిన రసమును తన దేహమునకే ఎక్కించుకొని, యౌవనపు బలము తిరిగి వచ్చినదని పండితసభలో ప్రకటించెను. లోకము ఉర్రూతలూగినది. కాని ఆ హార్మోను నీటిలో సరిగా కరుగదు. ఆయన చేసిన నీటి రసములో అది పనిచేయునంతగ నుండుటకు వీలులేదు. ఆయనకు కలిగిన బలము నమ్మకము ఇచ్చిన బలమే. అసలు పదార్థము 1935లో గాని చేజిక్కలేదు. ఆ యేడు ఆమ్‌స్టర్‌డాములో లకూరు బృందమువారు ఎద్దుల వృషణములనుండి దానిని వేరుచేసి టెస్టోస్టెరోను అని పేరిడిరి. ఆ యేడే బ్యూటెనాంట్, రుజిచ్కాలు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. వారిరువురికి 1939 రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి ప్రకటింపబడినది. నలువది యారేండ్లపాటు నమ్మకము ముందు నడువగా శాస్త్రము వెనుక వచ్చినదన్నమాట. సంతలో నేటికిని ఆ వరుసయే సాగుచున్నది.

ఈ హార్మోను దేహములో పుట్టు తీరు డెల్టా వాసికి తెలియనిది కాదు. అతడు దినదినము చూచు కాలువలలోనే దాని పోలిక యున్నది. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించెను. ఆనకట్టకడ హెడ్ స్లూయిసులు, త్రోవలో లాకులు, చివర పంటబోదెలు, ఆపైన చేలు. కాలువలో నీరు తగ్గినచో తలుపులెత్తుదురు; నిండినచో దించుదురు. దేహములోనిదియు ఇట్టి యేర్పాటే. మెదడులోని హైపోథాలమస్ నీటిమట్టమును కనిపెట్టు అధికారి. దాని క్రింది పీయూష గ్రంథి హెడ్ స్లూయిసు. అది విడుచు హార్మోనులు కాలువ నీరు. వృషణములు చేలు, టెస్టోస్టెరోను పంట. రక్తములో పంట చాలినంత యున్నచో అధికారి తలుపులు దింపించును, తగ్గినచో ఎత్తించును.

శివారు చేను ఎండినపుడు రైతు ఊరకే వాపోవడు. చేనులో లోపమా, కాలువలో లోపమా యని చూచును. వైద్యుడు చేయవలసినదియు అదియే. గవదబిళ్ళల వలన గాని, దెబ్బ వలన గాని, పుట్టుకతో వచ్చిన లోపము వలన గాని వృషణములే చెడినచో, పీయూష గ్రంథి నీరు ఎంత విడిచినను పంట రాదు. అట్టివాని రక్తములో ఆ గ్రంథి హార్మోనులు హెచ్చుగ కనబడును. గ్రంథియే చెడినచో, లేక దానిలో గడ్డ లేచినచో, ఆ హార్మోనులును తక్కువగనే యుండును. రెండింటను రోగి చెప్పునది ఒక్కటే: "నీరసముగా ఉంది." కాని రెండింటికి దారులు వేరు. నీరసము రోగము పేరు కాదు; అది తలుపు తట్టిన చప్పుడు. తట్టినదెవరో చూడకుండ తలుపు తీయువాడు వివేకి కాడు.

ఈ పోలికనుండియే మరియొక ముఖ్యమైన సంగతి తెలియును. ఎవడైన పంట బయటినుండి తెచ్చి కొట్టు నింపినచో, అధికారి కొట్టు నిండినదని తలచి హెడ్ స్లూయిసు దింపివేయును. వెలుపలి టెస్టోస్టెరోను దేహములో ప్రవేశించినపుడు పీయూష గ్రంథి తన పని తగ్గించుకొనును. వృషణములు నీరందక సోలును. వీర్యకణముల ఉత్పత్తి క్షీణించును, కొందరిలో పూర్తిగ ఆగిపోవును. మందు మానిన పిమ్మట తలుపులు తిరిగి లేచుటకు నెలలు పట్టును. ఒక్కొక్కనికి అంతకంటె ఎక్కువ కాలము పట్టవచ్చును. సంతానము కోరువాడు ఈ మందు జోలికి పోరాదని వైద్యులు చెప్పుట ఇందుకే. కండలు పెంచుకొనవలెనను తహతహతో వ్యాయామశాలలలో ఎవరో ఇచ్చిన సూదులు పొడిపించుకొను పడుచువారు ఈ మాట ముఖ్యముగ తెలిసికొనవలెను. యయాతి ఉన్న కొడుకు యౌవనమును అరువు పుచ్చుకొనెను. వీరు పుట్టబోవు కొడుకునే కుదువ పెట్టుచున్నారు.

కనుక కొలత ముందు, మందు వెనుక. కొలత యొక్క విలువ గోదావరి సీమకు ఒకరు నేర్పవలసినది కాదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. రాజమహేంద్రవరమున చదువు కుంటుపడి, మద్రాసులో మూడవమారు గాని మెట్రిక్యులేషను గట్టెక్కని ఆ విద్యార్థియే, హార్వర్డులో ఫిస్కెతో కూడి 1925లో రక్తములోని భాస్వరమును రంగు ననుసరించి కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ కొలతచేతనే వారు కండరములకు శక్తినిచ్చు ఫాస్పోక్రియాటిన్‌ను 1927లో పట్టుకొనిరి. 1929లో ఏటీపీని గుర్తించిరి. కండలోని సత్తువకు మూలమేదని ప్రాచీనులు ఊహించిరి. భీమవరపు బిడ్డ కొలిచి చూపెను. తరువాత 1940లలో ఆయన నడపిన లెడర్లీ బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసి ఒకవిధమగు రక్తహీనతకు మందు నిచ్చినది. నీరసముతో వచ్చు ఎందరికో కావలసినది పురుష హార్మోను కాదు, రక్తహీనతకు చికిత్స యని గుర్తుంచుకొన్నచో ఆయన స్మృతికి అదియే తగిన గౌరవము.

టెస్టోస్టెరోనును కొలుచుటకును ఒక పద్ధతి యున్నది. అది తెల్లవారుజామున హెచ్చి, సాయంకాలమునకు తగ్గును. కనుక ఉదయము పది గంటలలోపు, పరగడుపున, వేర్వేరు దినములలో రెండుమార్లు రక్తము పరీక్షింపవలెను. జ్వరము, వేరు జబ్బు ఉన్న దినములలో చేసిన పరీక్ష నమ్మదగినది కాదు. డెసిలీటరు రక్తమునకు 300 నానోగ్రాములకు తక్కువైనచో లోపమని అమెరికా మూత్రవ్యాధి వైద్యుల సంఘము నిర్ణయించినది. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ భాగము! ఇంత సూక్ష్మమైన దానిని ముఖము చూచి, నాడి చూచి, మాట విని తేల్చుదుమనువారి ధైర్యము మెచ్చదగినదే గాని నమ్మదగినది కాదు. అంకె తక్కువగ నుండుటయు చాలదు, లక్షణములును ఉండవలెను. యూరపులోని ఎనిమిది పట్టణములలో 40 మొదలు 79 ఏండ్ల పురుషులను పరీక్షించి 2010లో ప్రకటించిన పరిశోధనలో, లక్షణములును అంకెయు రెండును కలిసినవారు నూటికి ఇద్దరు మాత్రమే. నడివయసు నీరసముతో బాధపడువారు నూటికి ఎందరో!

మిగిలినవారి నీరసమునకు కారణము ఎక్కడ? వెదకినచో అది చేరువలోనే కనబడును. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల గ్రామములలో జరిపి 2006లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ముప్పదేండ్లు దాటినవారిలో నూటికి సుమారు పదుమువ్వురకు మధుమేహము కనబడినది. పట్టణములలో కాదు, పచ్చని చేల నడుమనున్న పల్లెలలో! మూడుపూటల తెల్లని వరియన్నము పూర్వము నాగలి పట్టినవానికి సరిపోయెను. మోటారు వాహనమెక్కి పొలము గట్టున నిలుచువానికి అది హెచ్చు. నడుము చుట్టు చేరిన కొవ్వు ఊరకుండదు. టెస్టోస్టెరోనును కొంతమేర స్త్రీ హార్మోనుగ మార్చివేయును, పీయూష గ్రంథిని మందగింపజేయును. మధుమేహము, స్థూలకాయము, గురకతో ఊపిరి తెగి తెగి వచ్చు నిద్ర, థైరాయిడ్ లోపము, మద్యము, కొన్ని నొప్పిమందులు, మనోవ్యాకులత — వీనిలో ప్రతి యొకటి మనిషిని కృశింపజేయును. పలుమార్లు హార్మోనును గూడ తగ్గించును. రొయ్యల చెరువులకడ రేయి యంతయు కావలి కాచి పగలు లెక్కలు చూచుకొనువానికి సూదిమందు కంటె ముందు కావలసినది నిద్ర. బరువు తగ్గినచో హార్మోను తనంతట తానే కొంత పెరుగును. దానికి చీటీ అక్కరలేదు, వెల లేదు.

ఇంత చెప్పుట మందును నిందించుటకు కాదు. కారణములన్నియు వెదకి, సరిదిద్దదగినవి సరిదిద్దిన పిమ్మటను కొలత తక్కువగనే యుండి, బాధయు మిగిలినచో, చికిత్స మొదలిడుట సిగ్గుపడవలసిన పని కాదు. నలువదేండ్లు దాటి చత్వారము వచ్చినవాడు కంటి అద్దములు పెట్టుకొనుచున్నాడు గదా! అదియు ఇట్టిదే. ఐతే ఒక భేదము కలదు. అద్దములు పెట్టుకొన్నంత మాత్రమున కన్ను తన పని మానదు. ఈ మందు పుచ్చుకొన్నచో గ్రంథి తన పని మానును. అందువలన దీనిని మొదలిడుట ఒకపూట నిర్ణయము కాదు. చాలమందికి అది ఏండ్ల తరబడి సాగు ఒడంబడిక.

ఆ ఒడంబడికలో ఇరువైపుల షరతులును తెలిసికొనవలెను. అరువదియైదేండ్లు దాటినవారిపై జరిపి 2016లో ప్రకటించిన పరీక్షలలో, ఈ మందు దాంపత్యాసక్తిని మితముగ పెంచినది, మనసును కొద్దిగ తేలికపరచినది. కాని సామాన్యమైన అలసటను చెప్పుకోదగినంతగ తగ్గింపలేదు. గుండెజబ్బు ఉన్నవారిని, దాని భయమున్నవారిని అయిదువేల మందికి పైగ పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితములలో, మందు వలన గుండెపోటు, పక్షవాతము హెచ్చలేదని తేలినది, అది ఊరట. కాని గుండె లయ తప్పుట, ఊపిరితిత్తులలో రక్తపుగడ్డ అడ్డుపడుట వంటివి కొంత హెచ్చినవి, అది హెచ్చరిక. మందు వలన రక్తము చిక్కబడవచ్చును. ఎఱ్ఱకణముల పాలు నూటికి 54 మించినచో ఆపవలెను. ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు ఉన్నవానికి ఇది తగదు. లేపనము పూసికొన్నవాడు ఆ చోటు కప్పుకొనకుండ చంటిబిడ్డ నెత్తుకొనరాదు; బిడ్డ చర్మమునకు అంటినచో అపకారము. మొదటి సంవత్సరమున పలుమార్లు, పిదప ఏటేట రక్తపరీక్ష తప్పదు. ఈ షరతులు చెప్పక సూది పొడుచువాడు వైద్యుడు కాడు, వర్తకుడు.

వర్తకునికి శాసనము లేకపోలేదు. స్త్రీపురుష సుఖమునకు సంబంధించిన శక్తిని నిలుపుదుము, పెంచుదుము అని మందులకు ప్రకటనలు చేయుటను 1954లోనే భారత పార్లమెంటు చట్టము చేసి నిషేధించినది. ఐనను గోడలమీద రాతలు మాయలేదు. గోడలు చాలక అవి నేడు చేతిలోని ఫోనులోనికి ప్రవేశించినవి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తన "రాజశేఖర చరిత్రము"లో బంగారము చేసి యిత్తునని ఉన్న బంగారమును ఎత్తుకొనిపోయిన బైరాగిని చిత్రించెను. నేటి బైరాగి కాషాయము కట్టడు. తెల్లకోటు తొడిగిన బొమ్మతో వచ్చును. ఇచ్చెదనను బంగారము యౌవనము. ఎత్తుకొనిపోవునది గ్రంథి చేయు పని. చట్టము బైరాగిని పట్టుకొనుట ఆలస్యము కావచ్చును. కాని రాజశేఖరుడు మోసపోకుండుట అతని చేతిలోనే యున్నది.

అతడు మోసపోవుటకు కారణము అత్యాశ మాత్రమే కాదు, ఒంటరితనము. స్త్రీకి నడివయసున ఋతువు నిలుచునపుడు కలుగు మార్పునకు ఒక పేరున్నది. తల్లి, అక్క, ఇరుగుపొరుగువారు దానిని గూర్చి మెల్లగనైనను మాటలాడుకొందురు. పురుషునకు అట్టి ముఖ్య సంఘటన లేదు. నలువదేండ్ల చేరువనుండి హార్మోను ఏటికి నూటికి ఒకపాలు చొప్పున మెల్లమెల్లగ తగ్గును. కాలువ గట్టు క్రింద ఊటవలె అది కంటికి కనబడదు. మగవాడు బాధ చెప్పుకొనరాదను పాతమాట ఆ ఊటను కప్పివేయును. మగతనము నానోగ్రాములలో ఉన్నదని ఎవ్వరును ఎన్నడును చెప్పలేదు. ఐనను కొలత తక్కువైనదని వినుటకే వణకువారు ఎందరో. చక్కెర హెచ్చినదని విన్నవాడు వీధిలో నలుగురికి చెప్పును. హార్మోను తగ్గినదని విన్నవాడు భార్యకైనను చెప్పడు. రెండును రక్తములోని అంకెలే గదా!

ఇచటనే పాఠశాలకు పని యున్నది. అంతస్స్రావ గ్రంథుల పాఠము జీవశాస్త్ర వాచకములలో కలదు. పీయూష గ్రంథి వరకు గంభీరముగ సాగిన బోధన, వృషణముల పేరు వచ్చుసరికి చాలచోట్ల "ఇది ఇంటికడ చదువుకొనుడు" అను మాటతో ముగియును. వెనుకబల్లలలో నవ్వు, ముందుబల్లలలో తలవంపు. ఆ నవ్వు, ఆ తలవంపు పిల్లలతోపాటే పెరిగి, నలువదియెనిమిదవ యేట తెలియని పట్టణమున తెలియని సూదిగ మారును. థైరాయిడ్‌ను గూర్చి చెప్పిన గొంతుతోనే, అదే తీరున, ఆ నాలుగు వాక్యములును చెప్పగల ఉపాధ్యాయుడు ఒక తరమును బైరాగులనుండి కాపాడినవాడగును. పదునైదేండ్ల బాలుడు కండల కొఱకు హార్మోను సూది పొడిపించుకొనరాదని తెలిసికొనుటకును సరియైన చోటు అదియే.

కోనసీమ ఉపాధ్యాయుడు తెలియని పట్టణమునకు కాక, ముందు తన భార్యతో నిజము చెప్పి, పిదప ఆమెతో కూడ కాకినాడ ప్రభుత్వాసుపత్రికో, తన ఊరి చేరువలోని అర్హుడగు వైద్యునికడకో పోయెననుకొనవచ్చును. "మాస్టారూ, రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రండి, ముందు చూద్దాం, మందు సంగతి తరువాత" అని ఆ వైద్యుడు చెప్పినచో, సగము చికిత్స ఆ మాటతోనే జరిగినది. పరీక్షలో చక్కెర కనబడవచ్చును; రక్తహీనత కనబడవచ్చును; నిజముగనే హార్మోను లోపము కనబడవచ్చును. ఏది కనబడినను దానికొక పేరుండును, ఒక దారి యుండును. చీకటిలో మోసిన బరువు వెలుతురులో సగమగును.

యయాతి యౌవనమును అడిగెనే గాని తనకేమి తక్కువైనదో అడుగలేదు. అది తెలిసికొనుటకు అతనికి వేయేండ్లు పట్టినది. నేటి నడివయసు మనిషికి రెండు ఉదయములు చాలును.